తీరం వెంట రెక్కల జాడ: పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జీవితయాత్ర

తమిళనాడులోని నాగపట్టణం జిల్లాలో కోరమండల్ తీరం ఒక్కసారిగా పడమరకు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కొననున్న ఊరు కోడిక్కరై. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పాక్ జలసంధి, వెనుక వేదారణ్యం చిత్తడి నేల, ఉప్పు మడులు, ఎండకు తట్టుకుని నిలిచిన పొట్టి అడవి. ఈశాన్య రుతుపవనాలు కురిసి చిత్తడి నిండిన తరువాత అక్కడి ఆకాశం వలస పక్షులతో నిండిపోతుంది. ఉత్తర ధ్రువానికి చేరువలో పుట్టిన చిన్న ఉల్లంకుల నుంచి పొడుగుకాళ్ల రాజహంసల వరకు వేల సంఖ్యలో దిగి, బురదలో మేత వెతుక్కుంటాయి. కొన్ని అక్కడే చలికాలం గడుపుతాయి. మరికొన్ని సేద తీరి, సముద్రం దాటి శ్రీలంకకు సాగిపోతాయి.

ఈ చిత్తడి నేల విలువను దేశానికి తెలియజెప్పిన వారిలో అగ్రగణ్యుడు డాక్టర్ సలీం అలీ. ఆయన పేరు వినగానే భరత్‌పూర్ సరస్సు చాలామందికి గుర్తుకు వస్తుంది. అయితే ఆయన జీవితంలోని కీలక ఘట్టాలలో అనేకం సముద్రం అంచున, ఉప్పునీటి బురదలో, తీర గ్రామాలలో జరిగాయి. తుపాకీ పట్టిన చేతితో మొదలై, పక్షి కాలికి ఉంగరం తొడిగే చేతిగా మారిన ఆ జీవితం భారత ఉపఖండంలో పక్షి శాస్త్రం ఎదిగిన క్రమానికి అద్దం పడుతుంది.

పిచ్చుకతో మొదలైన ప్రస్థానం

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలో ఆయనే చివరివారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లు వచ్చేసరికి తల్లి మరణించడంతో మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలందరినీ చేరదీసి పెంచారు. మేనమామకు వేట మీద మక్కువ ఎక్కువ. ఆ ఇంట్లో పెరిగిన బాలుడికి గాలి తుపాకీతో పిచ్చుకలను కొట్టడం నిత్యకృత్యమైంది. పెద్దవాడై గొప్ప వేటగాడిగా పేరు తెచ్చుకోవాలన్నదే అప్పటి కోరిక.

ఒకనాడు ఆయన కొట్టిన పిచ్చుక మిగతావాటిలా లేదు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో చెప్పలేకపోయిన మేనమామ ఆ బాలుడికి పరిచయ లేఖ ఇచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. 1883లో స్థాపితమైన ఆ సంస్థకు అప్పుడు డబ్ల్యూ.ఎస్. మిల్లార్డ్ కార్యదర్శి. బెరుకుగా వచ్చిన బాలుడిని ఆయన ఆదరించి, పిట్టను గుర్తించి చెప్పడమే కాక, బీరువాలలో భద్రపరచిన వందలాది పక్షుల నమూనాలను చూపించారు. పక్షి చర్మాన్ని చెడకుండా తీసి భద్రపరచే విద్య కూడా అక్కడే అబ్బింది. ఆ సంస్థతో అలా మొదలైన అనుబంధం దాదాపు ఎనిమిది దశాబ్దాల పాటు, ఆయన తుదిశ్వాస విడిచే వరకు కొనసాగింది.

చదువులో మాత్రం ఆయన రాణించలేదు. కళాశాల చదువు మధ్యలో ఆపి, కుటుంబానికి చెందిన గనుల వ్యాపారం చూసుకునేందుకు 1914లో బర్మాలోని తవాయ్ ప్రాంతానికి వెళ్లారు. అక్కడి అడవులు వ్యాపారం కంటే పక్షుల పరిశీలనకే ఎక్కువ ఉపయోగపడ్డాయి. 1918 డిసెంబరులో తెహ్మీనాను వివాహమాడారు. వ్యాపారం దెబ్బతినడంతో ఆ దంపతులు కొన్నేళ్ల తరువాత బొంబాయికి తిరిగి వచ్చేశారు.

పక్షి శాస్త్రాన్నే జీవనోపాధి చేసుకోవాలన్న సంకల్పానికి విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడం అడ్డుగోడగా నిలిచింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఆ కారణంగానే చేజారింది. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు విషయాలు వివరించే గైడ్ లెక్చరర్ పదవి లభించింది. పక్షి శాస్త్రంలో క్రమబద్ధమైన శిక్షణ కోసం ఆయన 1920ల చివరలో సెలవు పెట్టి జర్మనీకి వెళ్లారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రసిద్ధ శాస్త్రవేత్త ఎర్విన్ ష్ట్రేజెమాన్ వద్ద పని నేర్చుకున్నారు. జీవితాంతం ఆయన తన గురువుగా భావించింది ష్ట్రేజెమాన్‌నే. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవికి కూడా ఆయన ఆ రోజుల్లోనే వెళ్లారు. వలస పక్షులను పట్టి, కాలికి లోహపు ఉంగరం తొడిగి వదిలే పద్ధతిని ఆ దీవిలోని పరిశీలన కేంద్రంలో దగ్గరగా చూశారు. ఆ విద్య స్వదేశంలో అక్కరకు రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

కిహిమ్ తీరంలో గిజిగాడి గుట్టు

1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం లేదు. నిధుల కొరత వల్ల ఆ పదవినే రద్దు చేశారు. బొంబాయిలో కాపురం నడపడం భారమై, దంపతులిద్దరూ అలీబాగ్ సమీపంలోని కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి తరలిపోయారు. తెహ్మీనా కుటుంబానికి అక్కడ చిన్న ఇల్లు ఉండేది.

పనిలేని ఆ వానాకాలమే ఆయనకు శాస్త్ర లోకంలో తొలి గుర్తింపు తెచ్చిపెట్టింది. ఇంటి దగ్గరి చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటే ఆయన రోజుల తరబడి కదలకుండా కూర్చుని గమనించారు. మగ పక్షి గూటిని సగం వరకు అల్లి ఆపుతుంది. అప్పుడు ఆడ పక్షులు వచ్చి లోపలికీ బయటికీ తిరిగి, పట్టును పరీక్షించి, నచ్చితే ఆ గూటిని సొంతం చేసుకుంటాయి. ఆ తరువాతే మగ పక్షి మిగతా సగం పూర్తి చేస్తుంది. ఆ గూటిలో ఆడ పక్షి గుడ్లు పొదగడం మొదలుపెట్టగానే, అది మరో గూటికి పునాది వేసి మరో జోడు కోసం ఎదురుచూస్తుంది. ఎవరికీ నచ్చని గూళ్లు సగంలోనే ఆగిపోతాయి. భారతీయ పల్లెల్లో అనాదిగా కళ్లముందే వేలాడుతున్న ఆ గూళ్ల వెనుక ఇంత వ్యవహారం ఉందని ఆయన 1931లో ప్రచురించిన వ్యాసం స్పష్టం చేసింది.

చంపి, కొలిచి, పేరు పెట్టడమే పక్షి శాస్త్రమని భావించే రోజులవి. బతికిన పక్షి ఏం చేస్తోందో ఓపికగా చూసి రాయడం కూడా శాస్త్రమేనని ఆ వ్యాసం నిరూపించింది. అలాగని ఆయన తుపాకీని పూర్తిగా పక్కన పెట్టలేదు. నమూనాల సేకరణ అవసరమని చివరి వరకు నమ్మారు. జాతులను సరిగా గుర్తించకుండా సంరక్షణ సాధ్యం కాదన్నది ఆయన వాదన. వినోదం కోసం చంపడాన్ని మాత్రం వయసు పెరిగేకొద్దీ గట్టిగా వ్యతిరేకించారు.

సంస్థానాల సర్వేలు, హైదరాబాద్ అడవులు

ఉద్యోగం దొరకని పరిస్థితుల్లో ఆయన కొత్త దారి ఎంచుకున్నారు. పక్షుల గురించి ఎవరూ క్రమంగా పరిశోధించని సంస్థానాలలో సర్వే చేస్తానని, ప్రయాణ ఖర్చులు, శిబిరం ఖర్చులు భరిస్తే చాలునని ప్రతిపాదించారు. తన శ్రమకు వేతనం కోరలేదు. ముందుగా ఈ అవకాశం దక్కింది నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలోనే. 1931–32లో ఆయన ఆ సంస్థానంలోని అడవులు, పీఠభూములు తిరిగారు. నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతం అందులో ఒకటి. బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిసి ఆ సర్వే ఫలితాలు బొంబాయి సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. తెలంగాణ అడవుల పక్షుల గురించి ఇప్పటికీ పరిశోధకులు సంప్రదించే ఆధారాలలో అది ముఖ్యమైనది.

ఆ తరువాత తిరువాంకూర్, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్, మైసూరు సంస్థానాల సర్వేలు సాగాయి. ఎద్దుబండ్ల మీద సామాను, అడవిలో గుడారం, పగలంతా నడక, రాత్రి లాంతరు వెలుగులో నమూనాల తయారీ. ఈ కష్టాలన్నిటిలో తెహ్మీనా వెన్నంటి నిలిచారు. శిబిరాల నిర్వహణ మొదలుకొని ఆయన ఆంగ్ల రచనను మెరుగుపరచడం వరకు ఆమె పాత్ర ఉండేది. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించారు. పిల్లలు లేని సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. సోదరి కమూ, బావ హసన్ అలీ ఇంటి నీడన ఉంటూ పనిలోనే ఓదార్పు వెతుక్కున్నారు.

1941లో వెలువడిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. అంతకు ముందు పక్షుల పుస్తకాలు వేటగాళ్లకూ అధికారులకూ పరిమితమై ఉండేవి. రంగు బొమ్మలతో, తేలిక మాటలతో వచ్చిన ఈ పుస్తకం చేతబట్టుకుని సామాన్యుడు సైతం తన పెరటి పిట్టకు పేరు పెట్టగలిగాడు. దేశంలో పక్షి వీక్షణం ఒక అభిరుచిగా వ్యాపించడానికి ఇది పునాది వేసింది.

కచ్ ఉప్పు ఎడారిలో రాజహంసల నగరం

1940లలో కచ్ పాలకుడు మహారావు విజయరాజీ ప్రోత్సాహంతో ఆయన అక్కడి పక్షులను సర్వే చేశారు. అరేబియా సముద్రపు పోటునీరూ వాననీరూ కలిసి నిలిచే రణ్ ప్రాంతం మధ్యలో రాజహంసలు గుంపులుగా గూళ్లు కట్టుకునే చోటు ఉందని తెలిసి, 1945లో ఆయన అక్కడికి చేరుకున్నారు. కనుచూపు మేర ఉప్పు బురద, తాగునీరు కూడా మోసుకుపోవలసిన దారి. ఆ బురదతోనే కట్టిన చిన్న దిబ్బల వంటి గూళ్లు లెక్కకు మించి కనిపించాయి. అప్పుడు అక్కడ సుమారు 5 లక్షల రాజహంసలు ఉన్నట్లు ఆయన అంచనా వేశారు. ఆ సంవత్సరమే ఆయన కచ్ పక్షులపై పుస్తకం వెలువరించారు.

రాజహంసలు ఏటా ఒకే తీరున గుడ్లు పెట్టవు. వాన కురిసి రణ్‌లో తగినంత లోతున నీరు నిలిచిన ఏడే అవి అక్కడ స్థిరపడతాయి. నీరు ముందే ఎండితే గూళ్లు వదిలి వెళ్లిపోతాయి. తీరపు చిత్తడి నేలల పక్షులను కాపాడాలంటే పక్షిని కాల్చకుండా ఆపితే సరిపోదు, నీటి లెక్కను కూడా కాపాడాలి. సలీం అలీ తరువాతి కృషి అంతటా ఈ ఎరుక కనిపిస్తుంది.

ఉంగరాలు చెప్పిన దూరాలు

స్వాతంత్ర్యం వచ్చాక బొంబాయి సొసైటీ ఆర్థికంగా చిక్కుల్లో పడింది. సలీం అలీ ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూకు లేఖ రాసి ప్రభుత్వ సహాయం సాధించి, సంస్థను నిలబెట్టారు. అయితే వలస పక్షుల అధ్యయనానికి పెద్ద ఎత్తున నిధులు లభించింది ఊహించని మార్గంలో. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులకూ మనుషులకూ ప్రాణాంతకమైన జ్వరం వ్యాపించింది. దాని వైరస్ రష్యాలో కనిపించే ఒక వ్యాధి వైరస్‌కు దగ్గరి చుట్టమని తేలింది. సైబీరియా నుంచి వచ్చే పక్షుల ఒంటి మీది పిడుదులు దాన్ని మోసుకొచ్చి ఉంటాయా అన్న అనుమానం తలెత్తింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1959లో బొంబాయి సొసైటీ పక్షుల వలస అధ్యయనాన్ని ప్రారంభించింది. దానికి సారథి సలీం అలీ. హెలిగోలాండ్‌లో చూసిన విద్య అప్పుడు పనికొచ్చింది.

పక్షులను దెబ్బ తగలకుండా పట్టడం ఎలా అన్నది తొలి సమస్య. దానికి ఆయన జపాన్ నుంచి వచ్చిన సన్నని నైలాన్ వలలతో పాటు, బీహార్‌కు చెందిన మీర్‌షికార్ల నైపుణ్యాన్ని ఆశ్రయించారు. తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకుని బతికిన ఆ కులవృత్తివారు పరిశోధనా శిబిరాలలో ఉద్యోగులయ్యారు. ఏ పక్షి ఏ వేళ ఏ గాలికి ఎటు దిగుతుందో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. సంతకు చేరవలసిన పక్షి వారి చేతుల మీదుగానే కొలతలు ఇచ్చి, ఉంగరం తొడుక్కుని, తిరిగి ఆకాశానికి ఎగిరిపోయేది.

కచ్, భరత్‌పూర్‌లతో పాటు కోడిక్కరై ఈ అధ్యయనానికి ముఖ్య కేంద్రమైంది. పాతిక గ్రాములు తూగని చిన్న ఉల్లంకిని వల నుంచి నేర్పుగా విడదీసి, రెక్క, ముక్కు, కాలి పొడవులు కొలిచి, ఈకలు రాల్చే దశను నమోదు చేస్తారు. తరువాత అంకె చెక్కిన తేలికపాటి అల్యూమినియం ఉంగరం కాలికి తొడిగి వదిలేస్తారు. ఆ ఉంగరం ఎక్కడో దొరికి, దొరికినవారు బొంబాయికి కబురు పంపితే తప్ప ఆ శ్రమకు ఫలితం తెలియదు. వేల పక్షులకు తొడిగితే కొద్దిపాటి ఉంగరాల జాడే తెలిసేది. ఆ కొన్నిటిలో సోవియట్ రష్యా నుంచి వచ్చిన సమాచారం మధ్య ఆసియా, సైబీరియాల నుంచి భారత తీరాల దాకా సాగే ఆకాశ మార్గాలను పటం మీద గీసింది.

ఈ అధ్యయనం ఆయనకు చేదు అనుభవాన్ని కూడా మిగిల్చింది. తరువాతి దశలో అమెరికా సైన్యానికి చెందిన వ్యాధి పరిశోధనా విభాగం నుంచి నిధులు అందడంతో, పక్షుల ద్వారా సూక్ష్మజీవులను వ్యాపింపజేసే యుద్ధ ప్రయోగాలకు ఇది ముసుగన్న ఆరోపణలు వచ్చాయి. పత్రికలలో దుమారం రేగింది. 1970ల మధ్యలో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ విదేశీ నిధులతో జరుగుతున్న పరిశోధనలను పరిశీలించి, తీవ్రమైన ప్రశ్నలు లేవనెత్తింది. నిధుల మూలం ఏదైనా పరిశోధన ఫలితాలు బహిరంగమేనని సలీం అలీ సమర్థించుకున్నారు. విదేశీ సైనిక నిధులు తీసుకునే ముందు శాస్త్రవేత్తలు ఎంత జాగ్రత్త వహించాలన్న చర్చకు మాత్రం ఆ వివాదం దేశంలో శాశ్వతంగా చోటిచ్చింది. క్యాసనూరు వ్యాధిని వలస పక్షులే తెచ్చాయన్న అనుమానం రుజువు కాలేదు. దాని నెపంతో పోగైన వలస సమాచారమే చివరికి నిలిచింది.

ఉప్పు మడుల నడుమ అభయారణ్యం

కోడిక్కరై ప్రాంతానికి దేశ చరిత్రలో ఇదివరకే చోటుంది. 1930లో రాజాజీ నాయకత్వంలో ఉప్పు సత్యాగ్రహం జరిగిన వేదారణ్యం దాని పక్కనే ఉంది. సముద్రపు నీరు ఎండి ఉప్పు తేరే నేలే అటు మనిషికీ ఇటు పక్షికీ ఆధారం. లోతులేని ఉప్పునీటిలో పెరిగే సూక్ష్మజీవులు, చిన్న రొయ్య జాతులు, పురుగులు రాజహంసలకూ ఉల్లంకులకూ ఆహారం. నీటి లోతు, ఉప్పదనం కాస్త మారినా వచ్చే పక్షుల జాతులూ సంఖ్యా మారిపోతాయి.

తమిళనాడు ప్రభుత్వం 1967లో కోడిక్కరైని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. పక్షులతో పాటు అక్కడి కృష్ణజింకల మందకూ దానివల్ల రక్షణ లభించింది. ఆ ప్రదేశపు ప్రాముఖ్యాన్ని ఎత్తిచూపడంలో సలీం అలీ మాటకు విలువ ఎక్కువ. 1980లలో ఆయన సంస్థ అక్కడ ఏళ్ల తరబడి నిలకడగా పరిశోధన సాగించింది. ప్రపంచంలో అతి అరుదైన తీరపక్షులలో ఒకటైన చెంచా ముక్కు ఉల్లంకి కూడా ఆ బురద నేలలో నమోదైంది. 2002లో ఈ ప్రాంతం అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. వేదారణ్యం చిత్తడిలో ఉప్పు పరిశ్రమ విస్తరణ, మంచినీటి రాక తగ్గడం వంటి సమస్యలు మాత్రం తీరలేదు.

పది సంపుటాలు, ఒక ఉపఖండం

అమెరికన్ పక్షి శాస్త్రవేత్త ఎస్. డిల్లన్ రిప్లీతో కలిసి సలీం అలీ రచించిన పక్షుల హ్యాండ్‌బుక్ 1968 నుంచి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడింది. భారత్, పాకిస్థాన్, నేపాల్, భూటాన్, శ్రీలంక, బంగ్లాదేశ్ భూభాగాలలోని పక్షులన్నిటినీ ఒక్కచోట చేర్చిన రచన అది. సరిహద్దులు గీసుకున్న దేశాలు పక్షుల విషయంలో ఒకే కుటుంబమని ఆ సంపుటాలు ఆచరణలో చూపించాయి. ఆ పని పూర్తయ్యేనాటికి ఆయనకు 78 ఏళ్లు.

పురస్కారాలు ఆలస్యంగానే వచ్చినా వరుసగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1967లో బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్తల సంఘం స్వర్ణ పతకాన్ని అందుకున్నారు. బ్రిటిషేతరుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. జె. పాల్ గెటీ వన్యప్రాణి సంరక్షణ బహుమతిగా వచ్చిన సొమ్ముతో ప్రకృతి సంరక్షణ నిధికి శ్రీకారం చుట్టారు. పట్టా లేదన్న కారణంతో ఒకనాడు ఉద్యోగం నిరాకరింపబడిన వ్యక్తికి విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆత్మకథ వెలువడింది. చిన్ననాటి ఆ పిచ్చుకే దాని పేరులోనూ చోటు చేసుకుంది.

తెలుగు నేలతో ఆయనకున్న అనుబంధానికి జీవిత చరమాంకంలో మరో సందర్భం తోడైంది. 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందని భావించిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో తిరిగి కనిపించింది. దాన్ని గుర్తించింది ఆయన తీర్చిదిద్దిన బొంబాయి సొసైటీ పరిశోధకులు, వారికి దారి చూపినది స్థానిక పక్షివేటగాళ్లు. పుస్తక జ్ఞానం, పల్లె జ్ఞానం కలిస్తేనే పక్షి దొరుకుతుందన్న ఆయన పద్ధతి అక్కడ మరోసారి ఫలించింది.

1987లో, 90 ఏళ్ల వయసులో, సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. గోవాలో మాండవీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలోని చొరావ్ దీవి మడ అడవులకు, కేరళలోని తట్టేక్కాడ్ అభయారణ్యానికి ఆయన పేరు పెట్టారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరిట పక్షి శాస్త్ర, ప్రకృతి విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. ఆయన జయంతి నవంబరు 12ను దేశంలో జాతీయ పక్షుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఆ తేదీ వచ్చేసరికి తూర్పు తీరమంతటా వలస పక్షుల రాక ఊపందుకుంటుంది. పులికాట్ సరస్సులో సూళ్లూరుపేట వైపు రాజహంసలు, నేలపట్టు చెరువు చెట్లపై గూడబాతులు, కోడిక్కరై బురదలో ఉల్లంకులు ఎప్పటిలాగే దిగుతాయి. వాటిలో ఏ ఒక్కదాని కాలికైనా చిన్న లోహపు ఉంగరం మెరిస్తే, దాని మీది అంకె ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది.